పాపకు మంచిరోజు

నేను కుక్కను చూసి కుళ్ళుకున్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుపడటం మానేశాను. తోటికోడలి గాజులు చూసి, ఎదురింటి మిద్దె చూసి కుళ్ళుకునేవాళ్ళను ఎవరూ ఏమీ అనరు, అది మామూలే అంటారు. నా కడుపుమంటకు మాత్రం నాలుగు కాళ్ళు, ఒక తోక ఉన్నాయి. పైగా అది మా ఇంట్లోనే, మా ఆయన చెప్పుల పక్కన పడుకునేది.

రాజంపేటలో మాది కిరాణా అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, ఇంటి వెనక దొడ్డి. కొడుకులిద్దరూ చదువులకని హాస్టళ్ళలో ఉన్నారు కాబట్టి ఇంట్లో ముగ్గురమే: నేను, మా ఆయన, మా అత్త. ఒక సాయంత్రం ఆయన నూనె మిల్లు నుంచి వస్తూ స్కూటరు ముందు సంచిలో ఒక కుక్కపిల్లను తెచ్చాడు. తల్లి లారీ కింద పడి చచ్చిపోయిందట. గోధుమ రంగు ఒళ్ళు, నల్ల మూతి, నులిపురుగులతో ఉబ్బిన కడుపు. తెచ్చి వసారాలో దించగానే అది అక్కడే ఉచ్చ పోసింది.

మా అత్త కళ్ళద్దాలు సర్దుకొని చూసింది. "ఆడదా, మొగదా?"

"ఆడదే మా," అన్నాడాయన.

"అయితే ఏమ్మే, నీకు సవితి వచ్చింది పో," అని నా వైపు తిరిగి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. ఎందుకంటే నాలుగో రోజుకే ఆయన దాన్ని "పాపా" అని పిలవడం మొదలుపెట్టాడు.

"పాపా, రా మా." "పాప అన్నం తినిందా?" "పాపకు చలి పెడతాండాదేమో, ఆ దుప్పటి ఇట్ల ఇయ్యి."

ఆ పిలుపు ఆ ఇంట్లో వినాలని నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో ఆయనకు తెలియదు. నాకు ఆడపిల్ల కావాలని ఉండేది. మొదట కొడుకు పుట్టాడు, సంతోషమే. రెండోసారి కూడా కొడుకే. మూడోది ఆడపిల్ల అని నా మనసులో నేనే రాసిపెట్టుకున్నాను. దానికి జడ వేయాలని, పట్టు పావడా కుట్టించాలని, వంటింట్లో నా పక్కన కూర్చోబెట్టుకొని మా అత్త మీద చాడీలు చెప్పుకోవాలని ఆశ. అంతకంటే పెద్ద ఆశలేమీ లేవు.

రెండో కాన్పు ఇక్కడే ఆసుపత్రిలో అయింది, మా అమ్మ అప్పటికే పోయింది కాబట్టి పుట్టింటికి పోలేదు. మర్నాడు నేను బిడ్డను పక్కలో వేసుకొని పడుకుని ఉంటే, తలుపు బయట బల్ల మీద కూర్చుని వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. నాకు ప్రతి మాటా వినపడింది.

"ఇద్దరు మొగబిడ్డలు. చాలప్పా. మళ్ళీ మళ్ళీ ఆసుపత్రుల చుట్టూ ఎవరు తిరుగుతారు? ఎట్లా ఈడనే ఉండాం, ఆపరేషను కూడా చేయించేస్తే ఒకేసారి అయిపోతాది," అంది మా అత్త.

"సరే మా," అన్నాడాయన.

అయిపోయింది. మా అంగట్లో అరకిలో కందిపప్పు పొట్లం కట్టడానికి అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది. తర్వాత నర్సు కాగితం తెచ్చి, అందులో ఏముందో చదివి చెప్పి, సంతకం పెట్టమంది. ఆమె తప్పేమీ లేదు. నేను పెట్టాను. నోరు తెరిచి వద్దనలేదు. నాకప్పుడు ఇరవైమూడేళ్ళు. వద్దంటే ఎందుకంటారు, ఆడపిల్ల కావాలంటే నవ్వుతారు, ఆడపిల్ల కోసం ఎవరన్నా మూడోది కంటారా అంటారు. ఆ రోజు అమావాస్య. నన్ను లోపలికి తీసుకుపోయేటప్పుడు ఆయన, అంగడి మూసి ఉంటే బేరం పోతుందని, వెళ్ళిపోయాడు. ఇవన్నీ ఇరవై ఒక్క ఏళ్ళుగా నా కడుపులో ఉన్నాయి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఎవరికీ చెప్పలేదు.

ఇక ఈ పాప వైభోగం చూడండి.

దానికి ఏడో నెల వచ్చేసరికి మా ఆయన చీటీ మీద ప్రశ్నలు రాసుకొని పశువుల ఆసుపత్రికి పోయాడు. చక్కెర, చింతపండు రాసే చీటీ మీద కుక్క ఆపరేషను ప్రశ్నలు! అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపికగా అన్నీ చెప్పిందట. వచ్చి భోజనానికి కూర్చుని, ముద్ద నోట్లో పెట్టకుండా మొదలుపెట్టాడు.

"మొదటిసారి ఎదకు రాకముందే చేయిస్తే మంచిదంట మా. ముందు ముందు రొమ్ముల్లో గడ్డలు వచ్చేది తగ్గుతాదంట. అట్లని మరీ చిన్నప్పుడే వద్దు, ఎముకలు ఎదగల్ల అని కొందరంటారంట. ఒకసారి ఎద అయినాక రెండు మూడు నెల్లు ఆగి కూడా చేయొచ్చంట. ఎదలో ఉండంగా మాత్రం వద్దంట, రక్తం శానా పోతాదంట. ఏం చేద్దామంటావు?"

ఆ చివరి ప్రశ్న నన్ను కాదు, వాళ్ళమ్మను అడిగాడు.

"ఒక్క ఈతన్నా ఈననీ నాయనా," అంది మా అత్త. "ఆడపుటక పుట్టినాక ఒక్క కాన్పన్నా చూడకుండా కోయించేస్తే పాపం చుట్టుకుంటాది."

"గడ్డలొస్తాయంట మా."

"మన వీధి కుక్కలకు యాడ వచ్చినాయి గడ్డలు?"

ఇలా మూడు వారాలు నడిచింది. అంగడికి వచ్చిన రైతులను అడిగాడు, మిల్లు ఓనరును అడిగాడు, గ్యాసు బండ తెచ్చే మనిషిని కూడా అడిగాడు. ఫోనులో వీడియోలు చూశాడు. నా కడుపు గురించి పప్పు పొట్లం కట్టేంత సేపు ఆలోచించని మనిషి, కుక్క కడుపు గురించి మూడు వారాలు అన్నం మానుకున్నాడు. నేను వడ్డిస్తూ, పళ్ళెం కొంచెం గట్టిగా పెడుతూ, అంతా విన్నాను. గట్టిగా పెట్టిన సంగతి కూడా ఆయన గమనించలేదు.

మేము శాకాహారులం, కోడిగుడ్డు మా గడప దాటి లోపలికి రాదు. ఈయన టీ బంకులో గుడ్డు ఉడికించుకొని, అంగడి వెనక నిలబడి పాపకు తినిపించి, ఏమీ ఎరగనట్టు లోపలికి వచ్చేవాడు. కుక్క మూతి దగ్గర వాసన చూస్తే దొంగతనం తెలిసిపోయేది. నేను బాలింతగా ఉన్నప్పుడు ఇంకో చుక్క నెయ్యి వేయమంటే, పథ్యం చెడుతుందన్న ఇల్లు ఇది. అది గుర్తొచ్చి ఒకరోజు దొడ్లో దాన్ని పట్టుకొని, "ఏం మే రాణీ, ఏం పుణ్యం చేసి పుట్టినావే నువ్వు?" అని అడిగాను. అది నా చెయ్యి నాకింది. దాని నాలుక తగిలేసరికి ఇంకా ఒళ్ళు మండింది.

చివరికి ఎదకు రాకముందే చేయించేద్దామని ఆయన తేల్చుకున్నాడు. ఆసుపత్రిలో ఇలాంటి ఆపరేషన్లు గురువారం మాత్రమే చేస్తారు. అప్పుడు పంచాంగం తీశాడు. నిజంగా తీశాడు. ఒక గురువారం అష్టమి, పనికిరాదు. ఇంకోటి నక్షత్రం బాగాలేదు. ఇంకోటి అమావాస్య, అది అసలే వద్దు.

"కుక్కకు కూడా తిథీ వారమా?" అన్నాను.

"నోరులేని జీవి కదే. మనమే చూడాల దానికి," అన్నాడు, వేలు పంచాంగం మీద నుంచి తీయకుండా.

నోరులేని జీవికి మంచిరోజు చూశారు. నోరున్న జీవిని అమావాస్య నాడు బల్ల ఎక్కించారు. నేను లోపలికి పోయి గిన్నెలు తోమాను, తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను.

అంత వెతికి పట్టుకున్న మంచిరోజు ఇంకొకళ్ళకు కూడా మంచిరోజే అయి కూర్చుంది. మా ఆడబిడ్డ మనవడికి అదే గురువారం అహోబిలంలో పుట్టువెంట్రుకలు తీయడానికి ముహూర్తం పెట్టారు. అన్న రాకపోతే ఆమె ఏడాది పాటు అలుగుతుంది. మా అత్తకు మోకాళ్ళు సాగవు, ఆమెను చూసుకోవడానికి, కుక్కను ఆసుపత్రికి తీసుకుపోవడానికి నేను ఉండాలని తేలింది. బుధవారం బయలుదేరుతూ ఆయన నాకు పాఠం చెప్పాడు. రాత్రి ఎనిమిది తర్వాత దానికి ఏమీ పెట్టొద్దు. పొద్దున నీళ్ళు కూడా వద్దు. ఆటో తొమ్మిదికి వస్తుంది. దాని తువ్వాలు తీసుకుపో.

"ఇంకోటి మే," అన్నాడు చెప్పులు వేసుకుంటూ. "సూది వేసేటప్పుడు దాని చెవి దగ్గర ఏమన్నా మాట్లాడతా ఉండు. ఒంటరిగా ఉంటే భయపడతాది."

సరేనన్నాను. నన్ను లోపలికి తీసుకుపోయినప్పుడు నా చెవి దగ్గర ఎవరూ మాట్లాడలేదు.

పొద్దున అది తన ఖాళీ పళ్ళెం ముందు నిలబడి నా వైపు చూసింది. నేను ముందుగా ఏమీ అనుకోలేదు, ఈ మాట నమ్మితే నమ్మండి. పెరుగన్నం కలిపాను. పళ్ళెంలో పెట్టాను. అది తోక ఊపుతూ గబగబా తినేసింది. పళ్ళెం కడిగి బోర్లించి, డాక్టరమ్మకు ఫోను చేసి, కుక్క అన్నం తినేసిందని చెప్పాను. "అయ్యో, కడుపులో తిండి ఉంటే మత్తు ఇవ్వలేనమ్మా," అందామె. "వచ్చే రెండు వారాలు నేను సెలవులో ఉంటా. ఆ తర్వాతి గురువారం తీసుకురండి."

ఆయన అహోబిలం నుంచి ఫోను చేస్తే, "మీ అమ్మ తెలీక అన్నం పెట్టేసింది," అన్నాను. అబద్ధం నోటికి అంత సులువుగా ఎలా వచ్చిందో! మా అత్త నాకు నాలుగడుగుల దూరంలో మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆమెకు మోకాళ్ళు సాగవు గానీ చెవులు బాగానే ఉన్నాయి. తలెత్తి నన్ను చూసింది. అమ్మకు ఫోను ఇవ్వమని ఆయన అరిస్తే, ఇచ్చాను.

"అవునప్పా," అంది ఆమె ఫోనులో. "మర్చిపోయినా. ముసిల్దాన్ని కదా."

ఫోను నాకిచ్చి మళ్ళీ చాట అందుకుంది. ఎందుకు పెట్టావని అడగలేదు, ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు. తిట్టినా బాగుండేది.

ఆ మూడు వారాలు నిండలేదు. పన్నెండో రోజు పొద్దున వసారా బండల మీద రక్తం చుక్కలు కనిపించాయి. దానికి ఎక్కడ దెబ్బ తగిలిందోనని వెతికాను. మా అత్త మాత్రం వంగి చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకొని నవ్వింది.

"సమర్తాడిందే నీ సవితి!"

ఇక ఇంటి పెత్తనం ఆమె చేతిలోకి పోయింది. మా ఇంట్లో ఆడవాళ్ళు బయట చేరితే ఎలా ఉంటారో పాపకూ అలాగే నడిపింది. దొడ్లో కట్టెల పాక కింద కట్టేయించింది. తన పాత చీర చింపి పరిచింది. పళ్ళెం వేరు, నీళ్ళ చిప్ప వేరు. తండ్రి ముఖం చూడకూడదని మా ఆయనను దొడ్డి వైపు రానివ్వలేదు. ఆయన కూడా బుద్ధిగా వినుకొని వీధి వాకిలి నుంచే తిరిగాడు. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వులో సగం మంటే.

మూడో రోజు దొడ్లోకి పోతే మా అత్త రోటి దగ్గర కూర్చుని నువ్వులు, బెల్లం దంచుతోంది. పెద్దమనిషి అయిన పిల్లకు పెట్టే చిమ్మిలి. ఉసిరికాయంత ఉండ చేసి, నోరు తెరువు తల్లీ అంటూ కుక్కకు పెట్టింది.

"ఈ చిమ్మిలి దంచి ఎన్నేండ్లయిందో," అంది నన్ను చూడకుండా. "మనింట్లో ఆడపిల్ల ఉండింటే ఎప్పుడో దంచిండాల్సింది. నా చేతులకు ఆ రాత లేదు."

ఆ రాతను కొట్టేసింది ఆమె నోరే! ఇద్దరు మొగబిడ్డలు చాలన్న నోరు. అయినా అప్పుడు నాకు ఆమె మీద రావాల్సిన కోపం కూడా కుక్క మీదకే పోయింది. నా కూతురు తినాల్సిన చిమ్మిలి అది చప్పరించుకుంటూ తింటోంది. నా కూతురికి పెట్టాల్సిన ముద్దులు దానికి పెడుతున్నారు. లేని బిడ్డ తరఫున నేను కుళ్ళుకున్నాను, అంత కుళ్ళు ఎప్పుడూ కుళ్ళుకోలేదు.

ఐదో రోజు మా అత్త దానికి పసుపు నీళ్ళతో స్నానం చేయించింది. రక్తం అప్పటికే తగ్గుతోంది. "శుద్ధి అయింది. ఇంక విప్పేయండి, పాపం," అంది. విప్పేశాం. మా ముగ్గురికీ తెలిసిన లెక్క అంతే. మా లెక్క కుక్కకు ఎందుకు పనికిరాదని ఒక్కళ్ళకూ తోచలేదు. చీటీ మీద అన్ని ప్రశ్నలు రాసుకుపోయిన మా ఆయన, ఎద ఎన్ని రోజులు ఉంటుందన్న ఒక్క ప్రశ్న రాసుకోలేదు. తర్వాత అడిగితే, "ఆడమనిషిని అదెట్ల అడిగేది?" అన్నాడు.

నాలుగైదు రోజుల్లో అంగడి ముందు ఊళ్ళో ఉన్న మగకుక్కలన్నీ చేరాయి. బెల్లం దిమ్మెల వాసనకు వచ్చాయనుకొని ఆయన బెల్లం లోపల పెట్టించాడు. సంత రోజు, మిట్టమధ్యాహ్నం, నిండా జనం ఉన్నప్పుడు, చెవి తెగిన ఒక నల్ల వీధికుక్కతో మా పాప అంగడి మెట్ల ముందే కలిసిపోయింది. విడదీయడానికి వీల్లేదు. జనం నవ్వారు, ఎవరో రాయి విసిరారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. మా ఆయన ఖాళీ గోనెసంచి ఒకటి అందుకొని మెట్లు దిగి, రెండు చేతులతో దాన్ని తెరలాగా అడ్డం పట్టుకొని నిలబడ్డాడు. "పోండప్పా, మీ పని మీరు చూసుకోండి," అంటూ చాలాసేపు అలాగే నిలబడ్డాడు. చెమటలు కారుతున్నా సంచి దించలేదు. నేను నవ్వాలో ఏడవాలో తెలియక కిటికీ రెక్క మూసేశాను.

సెలవు నుంచి వచ్చిన డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం పోయాం. ఐదు రోజులు కట్టేశామని చెప్తే ఆమె నెత్తి పట్టుకుంది.

"ఐదు రోజులా? ఎవరు చెప్పారండీ మీకు? మూడు వారాలు కట్టేయాలి. రక్తం తగ్గినాకే దానికి అసలు సమయం. సరిగ్గా ఆ సమయానికే వదిలేశారు."

ఆమె కోపం తగ్గించుకొని చెప్పింది. ఎద పూర్తిగా తగ్గినాక, ఇంకొన్ని వారాలకు ఆపరేషను చేయొచ్చు. కడుపుతో ఉన్నా సరే, తొలిరోజులు కాబట్టి గర్భసంచితో పాటు పిండాలూ పోతాయి. లేదంటే ఈననిచ్చి, పిల్లలు పాలు మరిచినాక చేయొచ్చు. కుక్క ఆరోగ్యంగా ఉంది కాబట్టి రెండూ కుదురుతాయి. "ఇంట్లో ఆలోచించుకొని చెప్పండి," అంది.

ఇంటికి వచ్చి ఆయన వాళ్ళమ్మ మంచం దగ్గర నిలబడ్డాడు. "ఏం చేద్దాం మా?"

"నన్నడగొద్దు నాయనా," అంది ఆమె, గోడ వైపు తిరిగి. "ఒకసారి చెప్పినా. అది చాలు."

ఆయనకు అర్థం కాలేదు. నాకు అయింది, ఆమె అన్నది నా ఆపరేషను నాటి మాట. ఆయన నా వైపు తిరిగి, "అయితే నువ్వు చెప్పు మే," అన్నాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక కడుపు గురించి ఆ మనిషి నన్ను అడిగిన మొదటి మాట అది. అది కూడా కుక్క కడుపు. నాలో ఏదో తెగిపోయింది.

"ఆ దినం అన్నం పెట్టింది మీ అమ్మ కాదు," అన్నాను. "నేను. తెలిసే పెట్టినా."

"ఎందుకే?"

"కుళ్ళుతో."

"కుక్క మీదనా?" అన్నాడు, నమ్మలేక.

"దాని మీదనే! దానికి పంచాంగం చూస్తిరి. నన్ను అమావాస్య నాడు పంపిస్తిరి. దాని చెవి దగ్గర మాట్లాడమని నాకు చెప్తిరి. నన్ను లోపలికి తీసుకుపోతా ఉంటే అంగడికి పోతిరి. దాన్ని రోజుకు నూరు సార్లు పాపా పాపా అంటాండారు. నాకు పాప కావాలని ఉండె. ఉండెనా లేదా అని ఒక్కరన్నా అడిగినారా?"

మా అత్త గోడ వైపే ఉంది, ఆమె భుజం కదలలేదు. "నువ్వు చెప్పింటే..." అన్నాడాయన, మెల్లగా. "అడగందే అమ్మైనా పెట్టదు కదే. చెప్పింటే..."

"అడిగింటే చెప్పింటా."

అంగట్లో ఎవరో "శెట్టీ, ఓ శెట్టీ," అని పిలిచారు. రెండోసారి, మూడోసారి పిలిచారు. ఆయన కదల్లేదు. పిలిచిన మనిషి విసుక్కుని వెళ్ళిపోయాడు. పాప మాత్రం మా మధ్య కూర్చుని ఒకసారి ఆయన ముఖం, ఒకసారి నా ముఖం చూస్తోంది.

"ఈననీండి," అన్నాను. "దానికి కావాల్నో వద్దో నాకు తెలీదు. నేను చేసిన తప్పుతో వచ్చిన కడుపు. నేనే చూసుకుంటా."

ఐదు పిల్లల్ని ఈనింది. కట్టెల పాక కిందే, అదే పాత చీర మీద. పథ్యం నేనే వండాను, జొన్నసంగటి మెత్తగా చేసి, పాలు పోసి, నెయ్యి అడగకుండానే వేసి. గుడ్డు సంగతి కూడా ఇక దొంగతనం అక్కర్లేదన్నాను, దొడ్లో వేరే పొయ్యి మీద నేనే ఉడికించాను. మా అత్త చూసి చూడనట్టు ఊరుకుంది. బాలింతను చూసుకుంటే కుళ్ళు పోతుందనుకున్నాను. పోలేదు. ఐదు పిల్లలు వరసగా దాని పొట్టకు అతుక్కుని ఉంటే, అది కళ్ళు మూసుకుని పడుకుంటే, నాకు ఇంకో రకం కుళ్ళు పుట్టింది. ఐదింట్లో నాలుగు మగవి, ఒకటి ఆడది. మగవాటిని అంగడికి వచ్చే రైతులు పోటీపడి తీసుకుపోయారు. ఆడదాన్ని ఒక్కరూ అడగలేదు. అడిగినా ఇచ్చేదాన్ని కాదు.

పిల్లలు పాలు మరిచి, పాపకు పాలు ఇంకిపోయాక డాక్టరమ్మ ఒక గురువారం చెప్పింది. ఆయన పంచాంగం తీశాడు, పేజీ తిప్పాడు, ఆగిపోయాడు. ఆ గురువారం అమావాస్య. నా ముఖం చూసి పంచాంగం మూసి మేకుకు తగిలించేశాడు.

"అమావాస్య అయితే ఏం?" అన్నాను. "నేను బతికే ఉండా కదా."

ఆ పొద్దున పాప మళ్ళీ ఖాళీ పళ్ళెం ముందు నిలబడి నన్ను చూసింది. ఈసారి పళ్ళెం తీసి లోపల పెట్టేశాను. నేనూ కాఫీ తాగలేదు, ఏమీ తినలేదు. దాన్ని ఆకలితో ఉంచి నేను తినడం నా వల్ల కాలేదు. దాని కూతుర్ని మా అత్త ఒళ్ళో పెట్టి, ఆయనను అంగడి చూసుకోమని చెప్పి, ఆటో ఎక్కాను.

ఆసుపత్రిలో కాగితం ఇచ్చి యజమాని సంతకం పెట్టమన్నారు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి పెట్టాను. సూది వేస్తుంటే చెవి దగ్గర వంగి మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తులేదు, నన్ను క్షమించమని మాత్రం ఒకటి రెండు సార్లు అన్నాను. దాని తల నా చేతిలో బరువైంది. అప్పుడు లోపలికి ఎత్తుకుపోయి తలుపు వేశారు.

బయట బల్ల మీద కూర్చుని కాసేపైంది. స్కూటరు చప్పుడు విని తలెత్తితే ఆయన. అంగడి మూసి వచ్చాడు. పొద్దున పదకొండు గంటల బేరం వదులుకొని ఆయన నా దగ్గరికి రావడం ఇదే మొదటిసారి. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మూసిన తలుపు వైపు చూశాడు.

"మే," అన్నాడు. "అప్పుడు నీకు నొప్పి శానా ఉండెనా?"

ఇరవై ఒక్క ఏళ్ళకు అడిగాడు. ఈ మాట కూడా ఆ కుక్క పుణ్యానే నాకు దక్కిందే అని ఒక్క క్షణం మళ్ళీ ఒళ్ళు మండింది. కళ్ళు కూడా మండాయి.

"ఉండె," అన్నాను. "శానా ఉండె."

ఆయన తలుపు తెరుచుకునేదాకా నా పక్కనే కూర్చున్నాడు.